తాళంచెవి మా చేతిలో, నమ్మకం ఎవరి చేతిలో?

నమ్మకం అంటే ఏమిటి? ఎదుటి మనిషి మనకు చెడు చెయ్యడని ఊరికే అనుకోవడమా? లేక చెడు చెయ్యడానికి అన్ని వీలులూ అతని చేతికిచ్చి, అయినా చెయ్యడని నిబ్బరంగా ఉండటమా? మొదటిది మర్యాద. దానికి ఖర్చేమీ లేదు. రెండోదే అసలైన నమ్మకం. అందులో పోగొట్టుకునేది ఉంటుంది.

ఈ ప్రశ్నను మేం పుస్తకాల్లోంచి తీయలేదు, మా పనిలోంచి తీశాం. మేం కంప్యూటర్ల పని చేసేవాళ్లం. దుకాణాలకు, అడ్తి కొట్లకు, మిల్లులకు, చిన్న ఆస్పత్రులకు, ఫ్యాక్టరీలకు సామాను అందించే షెడ్లకు మెషీన్లు ఆగిపోతే మళ్లీ నడిపించేవాళ్లం. ఇంగ్లీషులో దీన్ని ‘సపోర్టు’ అంటారు. మేం ముస్లింలం. జహీరాబాద్ వాళ్లం. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు నమ్మకం అనే మాట ఎన్ని ముక్కలవుతుందో చెప్పాలని ఈ రాత.

మా ఊరు సరిహద్దు ఊరు. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, హైదరాబాద్‌కి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 1956 దాకా మేం బీదరు జిల్లా వాళ్లం. ఆ తర్వాత మెదక్ వాళ్లమయ్యాం. 2016 నుంచి సంగారెడ్డి వాళ్లం. మేం కదలకుండానే మా జిల్లా రెండుసార్లు మారింది. ఉర్దూ, తెలుగు, కన్నడం, మరాఠీ ఒకే బజారులో బేరమాడతాయి. చుట్టూ ఎర్రనేల. చెరకు, అల్లం, ఆలుగడ్డ పండుతాయి. ఎనభయ్యవ దశకంలో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ బండ్ల ఫ్యాక్టరీ వచ్చింది. 1989లో అది మహీంద్రా చేతికి పోయింది. తర్వాత ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీల చుట్టూ షెడ్లు, షెడ్ల చుట్టూ హోటళ్లు, వాటికి సరుకు పోసే దుకాణాలు పెరిగాయి. ఇదంతా చాలాకాలం ఎర్రట్ట పద్దు పుస్తకాల మీదే నడిచింది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకు యాభై వేలు మించితే ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. సరిహద్దు ఊరికి ఇది చిన్న మార్పు కాదు. లారీ కొంచెం దూరం పోతే కర్ణాటక. బిల్లు లేకపోతే లారీ కదలదు, బిల్లు కావాలంటే కంప్యూటర్ నడవాలి. నెలకి 11వ తారీఖున ఒక రిటర్ను, 20వ తారీఖున ఇంకోటి. ఆ తారీఖులు దగ్గరపడ్డాయంటే మా ఫోన్లు ఆగవు. “భాయ్, టాలీ తెరుచుకుంటలేదు.” “భాయ్, ప్రింటర్ బిల్లు కొడతలేదు.” “భాయ్, పిల్లగాడు ఏదో నొక్కిండు, డేటా మొత్తం పోయింది.” ఇట్లా ఎర్రట్ట పద్దు పుస్తకాన్ని చూసే పాత గుమాస్తా పక్కన, ఆ పుస్తకం దాచిన పెట్టె తాళంచెవి పట్టుకుని మేం వచ్చి నిలబడ్డాం.

తాళంచెవి అన్నమాట అలంకారానికి వాడలేదు. ప్రతి కంప్యూటర్లోనూ అడ్మినిస్ట్రేటర్ అనే ఒక పేరుంటుంది. ఆ పేరుతో లోపలికి పోయినవాడికి తెరుచుకోని గది ఉండదు. ఎవరికి ఎంత బాకీ ఉందో, కొడుక్కి తెలియకుండా తండ్రి ఎవరికి పైసలు పంపుతున్నాడో, ఆస్పత్రిలో ఎవరికి ఏ రోగమో, ఏ ఓనరు ఏ పనివాడిని తీసెయ్యబోతున్నాడో, అన్నీ ఆ గదుల్లోనే ఉంటాయి. ఎనీడెస్క్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే దుకాణం మెట్లెక్కకుండానే మా గల్లీలో కూచుని ఆ తెర మీద మేం చేతులు ఆడించగలం. బ్యాకప్ తీసినప్పుడు ఆ వ్యాపారం మొత్తం గోరంత పెన్‌డ్రైవ్‌లో మా జేబులోకి వస్తుంది. ఊళ్లో వకీలుకి కొన్ని గుట్టులు తెలుస్తాయి, డాక్టరుకి కొన్ని తెలుస్తాయి. మాకు వకీలు గుట్టూ డాక్టరు గుట్టూ కూడా తెలిసే వీలుంది. ఎందుకంటే వాళ్ల కంప్యూటర్లు కూడా చెడిపోతాయి.

ఈ తాళంచెవి దొంగ చేతిలో పడితే ఏమవుతుందో 2021 జులైలో ప్రపంచం చూసింది. కసేయా అనే అమెరికా కంపెనీ, మాలాంటి సపోర్టువాళ్లు దూరం నుంచి కంప్యూటర్లు చూసుకోవడానికి సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. దొంగలు ఆ సాఫ్ట్‌వేర్ దారి పట్టుకున్నారు. సపోర్టువాళ్ల చేతుల మీదుగా వాళ్ల ఖాతాదారుల కంప్యూటర్లలోకి దిగారు. సుమారు 1500 వ్యాపారాల దాకా దెబ్బతిన్నాయి. స్వీడన్‌లో కోప్ అనే కిరాణా కంపెనీ బిల్లు కొట్టలేక వందల దుకాణాలు మూసుకోవలసి వచ్చింది. అంటే మా పని చిన్నదిగా కనిపించే పెద్ద పని. మేం కూచున్న చోటు నుంచి వందల గల్లాపెట్టెలు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి కూడా.

ఇంత తాళంచెవి ఇచ్చినవాళ్లు మమ్మల్ని నమ్మినట్టా? ఇక్కడే ముడి పడుతుంది.

మాకు తన కంప్యూటర్ పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చిన మనిషే తన ఇంటి పై వాటా మాకు కిరాయికియ్యడు. “మీరు మంచోళ్లే భాయ్, మా ఇంట్లో పెద్దోళ్లు ఒప్పుకోరు” అంటాడు. తన బ్యాంకు ఖాతా తెర మా ముందు వదిలి అన్నానికి పోయే మనిషే, టీవీలో ఎక్కడో బాంబు పేలిందని వార్త రాగానే గొంతు తగ్గించి మాట్లాడతాడు. ‘భాయ్’ అనే పిలుపులో ప్రేమ ఉంది, కాదనం. దూరం కూడా ఉంది. ఏళ్ల తరబడి ఒకే దుకాణానికి పోయినా మా పేరు తెలియని ఓనర్లున్నారు. మా అందరికీ కలిపి ఒక్క భాయ్ చాలు. చేసే పనికి మా చేతులు కావాలి, మా పేరు అక్కర్లేదు.

దీన్ని మా మనసు కష్టంగా మాత్రమే తీసిపారెయ్యడానికి లేదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఒక పరిశోధన అచ్చువేశారు. ఒకే చదువు, ఒకే అర్హతలు రాసి, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోల్చితే ముస్లిం పేరున్న దరఖాస్తుకి పిలుపు వచ్చే అవకాశం మూడో వంతుకి పడిపోయింది. దళిత పేరుకి మూడింట రెండు వంతులైంది. అంతకు ముందే 2006లో సచార్ కమిటీ చెప్పింది. దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతముంటే ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం ఉన్నారని. ముస్లిం ఒకే వీపు మీద రెండు మూటలు మోస్తున్నాడని కూడా ఆ కమిటీయే అంది. ఒక మూట మీద దేశద్రోహి అని రాసి ఉంటుంది, రెండో మూట మీద ప్రభుత్వం బుజ్జగిస్తున్నవాడు అని ఉంటుంది.

1998 నవంబర్‌లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కంప్యూటర్‌కి కులం లేదు, మతం లేదు అని అప్పట్లో అందరూ అన్నారు. అది నిజమే. కంప్యూటర్‌కి లేదు. కంప్యూటర్ ముందు కూచోబెట్టే చేతికి ఉంది. అందుకే మావాళ్లలో చాలామంది సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి లింగంపల్లిలో దిగి, అక్కడ కొన్ని నెలలు ప్రయత్నించి, తిరిగొచ్చి గంజ్ పక్క మడిగెలో మరమ్మతు దుకాణం పెట్టుకున్నారు. సొంత మడిగెకి ఇంటర్వ్యూ లేదు కదా.

అనుమానించే మనిషికి పని చేసిపెట్టేవాడు ఎట్లా ఉండాలి? అతని రహస్యం మన చేతిలో ఉంది, అతని నమ్మకం మాత్రం మన మీద లేదు. అప్పుడు మనం అతనికి ఏమి బాకీ? మావాళ్లలో ఈ ప్రశ్నకి మూడు జవాబులు విన్నాం.

మొదటి జవాబు, పేరు దాచుకోవడం. ఫోన్లో ‘రాజు’ అని చెప్పడం. దీన్ని అబద్ధమని తేలిగ్గా కొట్టెయ్యలేం. రెండువేల సంవత్సరం తర్వాత దేశంలో కాల్ సెంటర్లు పెరిగినప్పుడు వేలమంది హిందూ పిల్లలు కూడా రాత్రిపూట జాన్‌లు, మేరీలు అయ్యారు. దాన్నెవరూ మోసమనలేదు, డ్యూటీ అన్నారు. అయితే వాళ్లు పొద్దున ఇంటికొచ్చి పేరు మళ్లీ తొడుక్కునేవాళ్లు. వాళ్లది అమెరికావాడి నాలుక తిరగడం కోసం వేసుకున్న వేషం. మావాళ్లది పక్కింటివాడి భయం కోసం వేసుకున్నది. కడుపు కోసం రాజు అయినవాణ్ని మేం తప్పుపట్టం. వాణ్ని రాజుని చేసిన ఊరిని తప్పుపడతాం.

కానీ పేరు దాచడంలో మా వృత్తికి సంబంధించిన ప్రమాదం ఒకటుంది. ఏ దుకాణంలోనైనా చూడండి. కంప్యూటర్‌కి ఒకటే పాస్‌వర్డ్. దాన్ని చీటీ మీద రాసి మానిటర్ అంచుకి అతికిస్తారు. ఓనరు, ఓనరు కొడుకు, లెక్కలు రాసే అమ్మాయి, గోదాము పిల్లగాడు, మేము, అందరం ఒక్క పేరుతోనే లోపలికి పోతాం. ఒకరోజు స్టాకులో పది బస్తాలు లెక్కకు రావు. ఎంట్రీ ఎవరు మార్చారు? కంప్యూటర్ ‘అడ్మిన్’ అంటుంది. అంటే అందరూ, అంటే ఎవరూ కాదు. అప్పుడు అనుమానం ఎటు పోతుంది? నీళ్లు పల్లానికి పోయినట్టు పోతుంది. ఊళ్లో ఎవరిని అనుమానించడం సులువో వాళ్ల మీదికే పోతుంది. సాక్ష్యం లేనిచోట తీర్పు చెప్పేది పాత అలవాటే.

అదే ప్రతి మనిషికీ సొంత పేరు, సొంత పాస్‌వర్డ్ ఇస్తే, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కంప్యూటర్ రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. అది ఎవరి మొహమూ చూడదు, మొల్తాడూ చూడదు, టోపీ చూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇట్లాంటి మార్పుల చిట్టా ఆపడానికి వీల్లేకుండా ఉండాలని చట్టమే చెప్పింది. కంపెనీగా నమోదు కాని మా బజారు దుకాణాలకి ఆ చట్టం లేదు. అయినా మేం పోయిన ప్రతి చోటా అడుగుతాం. “సేఠ్, మాకు వేరే పేరు పెట్టండి. మేం చేసింది మా పేరు మీదే పడనియ్యండి.” కొందరు నవ్వుతారు. “నీ మీద మాకేమన్నా అనుమానమా భాయ్?” అంటారు. అనుమానం లేనినాడే పేరు రాసిపెట్టుకోవాలి. అనుమానం వచ్చిననాడు రాసేవాడుండడు. ఇన్నేళ్లుగా పేరు మమ్మల్ని పట్టిచ్చేదని మావాళ్లు భయపడ్డారు. మా పనిలో మమ్మల్ని కాపాడేది కూడా ఆ పేరే.

రెండో జవాబు, అందరికంటే ఎక్కువ మంచిగా ఉండి చూపించడం. పిలిస్తే అర్ధరాత్రి పోవడం, పైసలు తక్కువ తీసుకోవడం, మాట పడితే నవ్వెయ్యడం. ‘మేం అట్లాంటివాళ్లం కాదు’ అని రోజూ పరీక్ష రాయడం. “మీరంతా అబ్దుల్ కలాం గారిలా ఉంటే గొడవేముంది?” అని సలహా ఇచ్చేవాళ్లకి మా ఊళ్లో కరువు లేదు. ఒక్క మాట అడుగుతాం. దేశంలో మిగతా అందరూ కలాం గారిలాగే ఉన్నారా? లేకపోతే వాళ్లనెవరూ ఎందుకు అడగరు? మామూలు మనిషిగా ఉండే వీలు లేకపోవడమే కదా వివక్ష అంటే.

సర్టిఫికెట్ సంగతి మాకు చరిత్ర నేర్పింది. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిందీ ముస్లింలే. ఆ తర్వాత పదుల సంఖ్యలో పోలీసులు పట్టుకుపోయిందీ ముస్లిం యువకుల్నే. కేసులు నిలవలేదు, వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. 2012 నాటికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లకి పరిహారం ఇచ్చింది. మంచి నడవడిక సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో ఆ పరిహారం ఉత్తర్వుని హైకోర్టు కొట్టేసింది. పైసల సంగతి అట్లా ఉంచండి. ఆ సర్టిఫికెట్ మాటే మాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఏ నేరమూ చెయ్యనివాడికి, నేరం చెయ్యలేదని కాగితం ఎందుకు కావాలి? ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగే మనిషిని చూసి లోకం ఏమనుకుంటుంది? కాగితం లేని మిగతా ముస్లింల గురించి ఏమనుకుంటుంది? మంచితనాన్ని రుజువుగా వాడటం మొదలుపెట్టామంటే, రుజువు చూపనివాళ్లందరూ చెడ్డవాళ్లని మనమే ఒప్పుకున్నట్టు.

మూడో జవాబు కోపంగా వస్తుంది. ‘వాళ్లు నమ్మనప్పుడు మనకెందుకు? చూసింది చూస్తాం, పనికొస్తే వాడుకుంటాం.’ ఈ మాట అన్న పిల్లల వెనక ఏ అవమానం ఉందో మాకు తెలుసు. అయినా ఒప్పుకోం. మమ్మల్ని కోల్చే కొలత మా మనసులోకి దూరి మా గుణాన్ని కూడా తయారుచేస్తే, ఇక మాకు సొంతమని మిగిలేదేమిటి?

మరి మా జవాబేమిటి? మా ఇళ్లల్లో ‘అమానత్’ అనే ఒక మాట ఉంది. ఒకరు దాచమని మనకిచ్చిన వస్తువు. దానికి మనం కాపలా మాత్రమే, హక్కుదారులం కాదు. సీరత్‌లో ఒక సంగతి చిన్నప్పుడే అందరం వింటాం. మక్కా జనం ప్రవక్త మాటని కాదన్నారు, ఊరు వదిలేదాకా తరిమారు. అయినా తమ సొమ్ము దాచుకున్నది మాత్రం ఆయన దగ్గరే. ‘అమీన్’ అని పిలిచిందీ వాళ్లే. 622లో ఆయన మదీనాకి పోయేటప్పుడు, ఎవరి సొమ్ము వాళ్లకి అప్పజెప్పి రమ్మని అలీని వెనక ఉంచి పోయాడు. నమ్మకం లేని మనుషుల సొమ్ముకి కూడా నమ్మకంగా ఉండటం ఏమిటి? ప్రాణం తీయజూసినవాళ్లని మెప్పించడానికైతే కాదు. సొమ్ము వాళ్లది కాబట్టి. మతం సంగతి పక్కనపెట్టి చూసేవాళ్లకి కూడా ఇందులో ఒక నీతి దొరుకుతుంది. అమానత్ బాకీ ఆ వస్తువుతో ఉంటుంది. ఇచ్చినవాడు మన గురించి ఏమనుకుంటున్నాడనే దానితో ఉండదు. మేం సేఠ్ లెక్కలు చూడకపోవడం, ఆయన మమ్మల్ని మెచ్చుకోవాలని కాదు. ఆ లెక్కలు మావి కావు గనక.

చూడగలిగి ఉండీ చూడకపోవడం. మా పనిలో నీతి అంతా ఈ మూడు మాటల్లోనే ఉంది. దీన్ని కంప్యూటర్ శాస్త్రం కూడా తన భాషలో చెప్పింది. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సూత్రం రాశారు. ఏ పనికైనా, ఆ పనికి ఎంత అవసరమో అంత అధికారమే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వొద్దు. ప్రింటర్ బాగుచెయ్యడానికి పోయినవాడికి గల్లాపెట్టె తాళంచెవి ఎందుకు? ఇచ్చినా తీసుకోకూడదు. ఎక్కువ తాళంచెవులు ఉండటం గొప్ప అనుకునే పిల్లలకి మేం చెప్పేది ఇదే. చేతిలో లేని తాళంచెవికి ఎవరూ మనల్ని జవాబు అడగరు.

ఇక నమ్మేవాళ్ల వైపు న్యాయం. మా వృత్తిలో పదిహేనేళ్లుగా ‘జీరో ట్రస్ట్’ అనే మాట నడుస్తోంది. 2010లో జాన్ కిండర్వాగ్ అనే అమెరికన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 2020లో అక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ దీన్ని ఒక పద్ధతిగా అచ్చువేసింది. మాట కటువుగా ఉంది. ఎవర్నీ నమ్మొద్దని దాని అర్థం. కానీ లోపల ఉన్న సంగతి వేరు. పాతకాలం పద్ధతిలో ఆఫీసు గోడ లోపల ఉన్నవాడు మనవాడు, బయట ఉన్నవాడు పరాయివాడు. లోపలివాణ్ని ఏమీ అడగరు. బయటివాణ్ని గుచ్చి గుచ్చి అడుగుతారు. కొత్త పద్ధతి ఈ గోడని కొట్టేసింది. ఎక్కడున్నా, ఎవరైనా, ప్రతిసారీ నువ్వెవరో చూపించాలి. మేనేజరైనా అంతే, అటెండరైనా అంతే.

ఇది చదివినప్పుడు మాకు అవమానంగా అనిపించలేదు. ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది. బ్యాంకు ఓటీపీ అడిగినప్పుడు కలెక్టరుకీ కోపం రాదు, కూలికీ రాదు. ఎందుకంటే ఇద్దర్నీ అడుగుతుంది. అందర్నీ అడిగేది నియమం. కొందర్నే అడిగేది అనుమానం. ప్రశ్న ఒకటే కావచ్చు, గౌరవం మాత్రం ఒకటి కాదు. 2021 మేలో లాక్‌డౌన్ రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీలో ఎస్.క్యు. మసూద్ అనే సామాజిక కార్యకర్తని పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నా ఫోటో తీసుకున్నారు. నా ఫోటో ఎందుకు తీశారు, ఏ కంప్యూటర్లో పెట్టారు అని ఆయన హైకోర్టుకి పోయాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఆయన ప్రశ్న మా వృత్తి ప్రశ్నే. ఆ కంప్యూటర్ తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఎవరు తెరిచారో రాసే లాగ్ ఉందా? ఎవర్ని ఆపాలో నిర్ణయించే గోడ ఎవరి తలలో ఉంది?

నమ్మకంలో ఇంకో భాగం ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది పొరపాటు పడే హక్కు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక చెడ్డ అప్‌డేట్ వల్ల ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో నిలబడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కంపెనీ తప్పు ఒప్పుకుంది. మాలాంటి సపోర్టువాళ్లు దేశదేశాల్లో ఒక్కొక్క మెషీన్ దగ్గరికీ పోయి బాగుచేశారు. పొరపాటుని అందరూ పొరపాటుగానే చూశారు. ఆ ఇంజనీరు తాత ఏ దేశం వాడని ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా. మరి అదే రోజు మా ఊళ్లో ఒక ముస్లిం పిల్లగాడు తీసిన బ్యాకప్ చెడిపోయి ఉంటే? అది పొరపాటుగా మిగిలేదా, పథకంగా మారేదా? పొరపాటుకి కూడా మతం అంటగట్టే చోట, పనివాడు చేతులు వణుకుతూ పని చేస్తాడు. చేతులు వణికేవాడు ఇంకో పొరపాటు చేస్తాడు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ రాసినప్పటి నుంచి తెలుగులో ముస్లింలు తమ మీది అనుమానం గురించి గొంతెత్తి మాట్లాడుతున్నారు. మాట్లాడాలి. కానీ బయటి గోడని వేలెత్తి చూపేవాళ్లం మా ఇంటి గోడలు కూడా చూసుకోవాలి. ఇదే కొలత లోపల పెడితే మేం నెగ్గుతామా?

మా ఇళ్లల్లో బీకాం కంప్యూటర్స్ చదివిన ఆడపిల్లలున్నారు. టాలీ మాకంటే వాళ్లకే బాగా వచ్చు. ఇంట్లో కూచుని ఎంట్రీలు చేస్తారు. దుకాణానికి పోయి సర్వర్ బాగుచేస్తామంటే మాత్రం “నలుగురు ఏమనుకుంటారు బేటీ” అంటాం. సేఠ్ మాతో “మా పెద్దోళ్లు ఒప్పుకోరు భాయ్” అన్నదానికీ దీనికీ తేడా ఏమిటి? తన అనుమానాన్ని ఇంకెవరి నోట్లోనో పెట్టడం రెండుచోట్లా ఒకటే. మా పక్కనే మాచునూరులో 2008 అక్టోబర్ 15 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. దళిత ఆడవాళ్లు రికార్డు చేస్తారు, ఎడిట్ చేస్తారు, గాలిలోకి వదులుతారు. ఆ మెషీన్లు వాళ్ల చేతుల్లో ఆడటానికి ఏ నలుగురి సర్టిఫికెట్టూ అడ్డం రాలేదు. ఈ సంగతి జహీరాబాద్ వాళ్లమైన మాకు ఎవరో దూరం నుంచి వచ్చి చెప్పాల్సిన పని లేదు.

అట్లాగే దూదేకుల పిల్లగాడు పని అడగడానికి వస్తే “వీళ్లకి ఉర్దూ కూడా సరిగ్గా రాదు” అని మొహం తిప్పుకునే సయ్యదులూ, పఠాన్‌లూ మాలో లేరా? పేరు చూసి పక్కనపెట్టడం ఎంత నొప్పో తెలిసినవాళ్లమే, ఇంకొకరి పేరు చూసి పక్కనపెడతాం. మాకు కావలసిన న్యాయం మా గుమ్మం దాటి లోపలికి కూడా రావాలి. లేకపోతే అది న్యాయం కాదు, మా వంతు అడుక్కోవడం.

ఈ మాటలు ఇప్పుడే చెప్పడానికి కారణముంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దేశంలో పన్నెండు పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపింది. అందులో జహీరాబాద్ ఒకటి. ఫ్యాక్టరీలు పెరుగుతాయంటున్నారు. ప్రతి ఫ్యాక్టరీకీ సర్వర్ గది ఉంటుంది. గేటు దగ్గర వేలిముద్ర మెషీన్ ఉంటుంది, గోడలకి కెమెరాలుంటాయి. వాటన్నిటికీ తాళంచెవులుంటాయి. అవి ఎవరికిస్తారు? పని చూసి ఇస్తారా, పేరు చూసి ఇస్తారా? అల్లం పొలం ఇచ్చినవాడి కొడుక్కి గేటు బయట కాపలా పని, ఎక్కడినుంచో వచ్చినవాడికి లోపల తాళంచెవి అయితే, అదేం నగరం?

అందుకని మా మాట ఇది. మమ్మల్ని నమ్మండి అని మేం బతిమాలం. నమ్మకం దానంగా వచ్చేది కాదు, వచ్చినా నిలవదు. నియమం పెట్టండి. అందరికీ పెట్టండి. ప్రతి మనిషికీ సొంత పేరు, సొంత తాళంచెవి, పనికి తగ్గంత అధికారం, ఎవరు ఏం చేశారో రాసే చిట్టా ఉండాలి. మమ్మల్ని అడిగిన ప్రశ్న ఓనరు బావమరిదినీ అడగండి. మా పొరపాటుని పొరపాటుగా చూడండి. మేం తప్పు చేస్తే మా పేరు మీద శిక్షించండి, మా కౌము పేరు మీద కాదు.

మీ అమానత్ భద్రంగానే ఉంటుంది. మీరు మమ్మల్ని మెచ్చినా ఉంటుంది, అనుమానించినా ఉంటుంది. అది మా సంగతి, మేం చూసుకుంటాం. మీ తలలో ఉన్న గోడ సంగతి మాత్రం మీరే చూసుకోవాలి. ఆ పాస్‌వర్డ్ మీరు మాకెప్పుడూ ఇవ్వలేదు.